కుడి చెంప మీద మగది

కదలకూడదు. ఊపిరి కూడా పక్కకు తిరిగి, మెల్లగా, ముక్కుతోనే వదలాలి. గూడు అల్లుకుని మూలన కూర్చుని, వచ్చి పడినదాన్ని తినే సాలెపురుగు కాదిది, గెంతి వేటాడే రకం. ముందు నాలుగు కళ్ళు, పక్కలా వెనకా ఇంకో నాలుగు. నేను చిటికెన వేలు ఆడించినా చాలు, గిర్రున ఇటు తిరిగి, మనిషి తిరిగినట్టే తిరిగి, నన్ను తేరిపార చూసి, ఒక్క గెంతులో మంచం కిందికి పోతుంది. ఇక అంతే, నా కొంప మునిగినట్టే. ఇప్పుడది అమ్మ దుప్పటి మీద ఉంది. కిటికీ చెక్క సందులోంచి పరదా మీదికి, పరదా మీంచి మంచం కమ్మీ మీదికి, అక్కణ్ణుంచి అమ్మ కాళ్ళ మీదికి దిగింది. మగది. ఇన్నాళ్ళూ కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎవరికోసం ఎదురుచూశానో ఆ మహానుభావుడు తీరిగ్గా మా అమ్మ మోకాలి మీద కూర్చుని మూతి తుడుచుకుంటున్నాడు. నేను మంచానికి కాళ్ళ వైపు కుర్చీలో ఉన్నాను, ఒళ్ళో గాజు ట్యూబు, సన్నని బ్రష్షు. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందో, నిద్ర నటిస్తోందో. పక్షవాతం ఆవిడ కుడి చెయ్యీ కుడి కాలూ కుడి మొహమూ తీసుకుంది గాని నటన జోలికి పోలేదు. అమ్మని చూసుకునే ఆయమ్మ మధ్యాహ్నం భోజనానికని ఇంటికి వెళ్ళింది. గదిలో నేనూ, అమ్మా, వాడూ.

ఆడది నా దగ్గర ఉంది, చిన్న సీసాలో, ఆల్కహాలులో, కాళ్ళు ముడుచుకుని. దాని వర్ణన రాసేశాను. బొమ్మలు గీసేశాను. ఎక్కడెక్కడి మ్యూజియంల నమూనాలతోనో పోల్చి చూశాను, ఇలాంటిది ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు. అయినా ఒక్క ఆడదాన్ని చేత పట్టుకుని కొత్త జాతి కనిపెట్టానంటే సాలెపురుగుల్ని చదివే మా వాళ్ళు మొహం మీదే నవ్వుతారు, ఎందుకంటే ఈ కుటుంబంలో ఆడవన్నీ ఒక్కలాగే ఉంటాయి, బూడిద రంగు, బెరడు రంగు, చూసిన మరుక్షణం మర్చిపోయే రంగు. తేడా అంతా మగవాడి మొహం దగ్గర ఉంటుంది. నోటికి అటూ ఇటూ రెండు పొట్టి చేతుల్లాంటివి, పాల్పులంటాం, వాటి చివర ఒక చిన్న ముల్లు. ఆ ముల్లు ఎటు వంగింది, ఎంత వంగింది అన్నదాన్ని బట్టే ఇది ఫలానా జాతి అని తేలుతుంది. మగది లేనిదే వ్యాసం లేదు, పేరు లేదు. ఒకసారి దొరికింది కూడా, ఇక్కడే, స్నానాలగది గోడ మీద. సంబరంలో ఒళ్ళు తెలియక అక్కడికక్కడే ఆల్కహాలులో ముంచేశాను. తీరా మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే పాల్పులు రెండూ ఉబ్బి, నున్నగా, మూసుకుపోయి ఉన్నాయి, విచ్చుకోని మొగ్గల్లా. ఇంకొక్క కుబుసం విడవాల్సి ఉంది వాడు. కాస్త ఓపిక పట్టి, సీసాలో రెండు ఈగల్ని వేసి బతకనిస్తే విడిచేవాడే. మగది దొరికితే ముందు పాల్పులు చూడండి, తర్వాత చంపండి అని కాలేజీలో పాఠం మొదలుపెట్టిన రోజే చెప్తాను నేను. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, బుర్రకి మాత్రం ఎక్కలేదు, నా బుర్రకే. వీడివి విచ్చుకున్నాయి. ఇంత దూరం నుంచే తెలుస్తోంది, నల్లగా, నిగనిగలాడుతూ, చివర ముల్లుతో సహా.

ఇవి బయట చెట్టు మీద బతికేవి. కిటికీకి ఆనుకుని ఉండే ఆ చెట్టుని కరెంటు తీగలకు అడ్డమని మొదలంటా కొట్టేశారు. బెరడు కింద కాపురం చేసే జీవాలు దిక్కుతోచక కిటికీలోంచి ఈ గదిలోకి చేరాయి. వీధిలో మిగిలిన చెట్లన్నీ గాలించాను, పక్క వీధివీ గాలించాను, జనం నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు, ఒక్కటి లేదు. అంటే ఈ మంచం, ఈ పరదా, మందు సీసాల ఈ బల్ల, ఇదే వాటికి మిగిలిన భూమి. రేపు పొద్దున్న పురుగుల మందు కొట్టేవాళ్ళు వస్తున్నారు. అన్నయ్య పురమాయించాడు. "అమ్మ పురుగులు కరిచి చచ్చిపోతున్నానని ఫోన్లో ఒకటే ఏడుపు. ఎలాగూ నువ్వుంటావుగా, దగ్గరుండి మూలమూలలా కొట్టించు" అన్నాడు. దగ్గరుండి అట. నన్నే దగ్గరుండమన్నాడు.

నిజానికి నేను రోజూ వస్తున్నది అమ్మ కోసం కాదు. ఇది ఎవరితోనూ అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. అమ్మ మంచాన పడ్డ కొత్తలో ఏదో వీలు చూసుకుని వచ్చేదాన్ని, వచ్చినా చెప్పులు విప్పిన క్షణం నుంచి మనసు మళ్ళీ చెప్పుల మీదే ఉండేది. ఒకసారి మందులిచ్చి వెళ్ళిపోబోతుంటే గోడ మీద ఒక బూడిద రంగు ఆడది నన్ను చూసి ఆగింది. అంతే, మర్నాటి నుంచి కాలేజీ అవగానే పరుగు, సెలవైతే పొద్దున్నే పరుగు. అమ్మకి అన్నం నేను పెడతానంటాను, దుప్పటి నేను దులుపుతానంటాను, పరదా నేను ఉతుకుతానంటాను. ఆయమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. అన్నయ్య "నువ్వుండబట్టి సరిపోయిందే, లేకపోతే నా గతేమయ్యేది" అంటాడు. ఎవరికి కావలసింది వాళ్ళు అనుకుంటున్నప్పుడు మధ్యలో నాకెందుకు శ్రమ?

కదిలాడు. నాలుగడుగులు గబగబా, ఆగడం, మళ్ళీ నాలుగడుగులు. దుప్పటి ముడతల్లో దిగి తేలుతున్నాడు. ఇక్కడే ట్యూబు బోర్లించేద్దామనిపిస్తుంది, చేతులు గుంజుతున్నాయి, కానీ ఉన్ని దుప్పటి మీద ట్యూబు అంచు సమంగా కూర్చోదు, కింద సందులోంచి జారుకుంటాడు. అలాగే ఒకణ్ణి పోగొట్టుకున్నాను. సమంగా, గట్టిగా ఉన్న చోటు కావాలి. ముందు ట్యూబు, వెనక బ్రష్షు, పొట్ట చివర చిన్నగా తాకితే చాలు, ముందుకే గెంతుతాడు, గాజులోకి. వాడు నాకు వీపు చూపించినప్పుడల్లా నేను కుర్చీలోంచి కాస్త కాస్త లేస్తున్నాను, జరుగుతున్నాను. ఈ వయసులో మోకాళ్ళు వంచి గాల్లో నిలబడటం అంత సులువు కాదు. వాడు అమ్మ కుడి చెయ్యి ఎక్కాడు.

ఆ చెయ్యి అక్కడుందని అమ్మకు తెలియదు. డాక్టరు సూది పెట్టి గుచ్చి చూశాడు, వేళ్ళ నుంచి భుజం దాకా, మెడ, కుడి చెంప, ముక్కు దాకా, ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు. సూది ముక్కు దూలం దాటి ఎడమ పక్కకి రాగానే "అబ్బా" అంది, వెంటనే ఆ డాక్టరు చొక్కా భుజాలు జారిపోయాయని కూడా అంది, మాట ముద్దగా వచ్చినా అందరికీ అర్థమయ్యేట్టే అంది. చచ్చిన సగం, బతికిన సగం, మధ్యలో ముక్కు సరిహద్దు. బతికిన సగానికి ఆకలి, దప్పిక, కోపం అన్నీ రెట్టింపు. ఆ చచ్చిన చెయ్యే ఒకప్పుడు కత్తెర పట్టింది. అమ్మ బట్టలు కుట్టేది. ముందు గదిలో మిషను, మెళ్ళో టేపు, నోట్లో గుండుసూదులు. సూదులు నోట్లో ఉండగానే మాట్లాడటం వచ్చు ఆవిడకి, బహుశా అందుకే ఆ మాటలు అలా తయారయ్యాయి. వచ్చినవాళ్ళ కొలతలు పైకి చదువుతూ పక్కన వాటి లోపాలు కూడా చదివేది. ఎడమ భుజం దిగింది. వెన్ను గూని. పిరుదులు లేవు, ఉన్నట్టు కుట్టాలి. మనుషులు ఏడుపు మొహాలతో వెళ్ళి మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు, ఎందుకంటే బట్ట మాత్రం ఒంటికి అతికినట్టు కుదిరేది. స్కూలు గౌనుకి నన్ను నిలబెట్టి, గది నిండా గిరాకీలు చూస్తుండగా, "దీనికి కొలతలెందుకు, ఛాతీ లేదు, నడుం లేదు, దిండు గలీబు కుట్టినట్టు కుట్టెయ్యొచ్చు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకోటి అంటుంది.

బొత్తాల డబ్బాలో ఒకణ్ణి పెంచాను అప్పట్లో, వీడి దూరపు చుట్టమే, ఒంటి మీద తెల్ల చారలున్నవాడు. డబ్బా మూత తియ్యగానే తల తిప్పి నన్ను చూసేవాడు. అలా నన్ను కావాలని చూసిన ప్రాణి ఆ ఇంట్లో ఇంకోటి లేదు. ఒకరోజు మూత సరిగా పడక బయటికొచ్చి ఎవరిదో తెల్ల గౌను మీదికెక్కాడు. అమ్మ అరవలేదు, చెయ్యి విసరలేదు. నన్ను పిలిచి, నేను వచ్చి నిలబడ్డాక, ఇస్త్రీపెట్టె ఎత్తి నిదానంగా, మడత పెడుతున్నంత నిదానంగా, వాడి మీద ఆనించింది. "చూడు, నీ స్నేహితుడు ఎంత చక్కగా చదునయ్యాడో" అంది. మరక పడిన చోట దారంతో ఒక పువ్వు కుట్టి ఇచ్చేసింది, గౌను తాలూకు అమ్మాయి సంబరపడిపోయింది. తర్వాత నేను సాలెపురుగుల్నే చదువుకున్నానంటే అది అమ్మ మీద కసితోనే అని మా అన్నయ్య అనుకుంటాడు. కసి అంత పనికొచ్చే సరుకైతే ఈ ఇంట్లోంచి పదిమంది పండితులు పుట్టేవాళ్ళు. నాకవంటే ఇష్టం, అంతే. నా పెళ్ళి మూణ్ణాళ్ళ ముచ్చటైనప్పుడు కూడా అమ్మ ఇరుగుపొరుగుతో "ఎనిమిది కళ్ళవాటిని చూసి చూసి, రెండు కళ్ళవాడు దీని కంటికి ఆనలేదు" అంది. అది బాగానే అంది. మాట బాగుంటే బాగుందనే అనాలి, తగిలింది నాకే అయినా సరే.

మోచెయ్యి దాటాడు. నేనిప్పుడు మంచం మధ్యకొచ్చాను. చొక్కా చేతి మీద ఆగి ముందు కాళ్ళెత్తాడు, ఎవరికో సైగ చేస్తున్నట్టు. ఎవరూ లేరు, బొత్తాం మెరుపులో తన బొమ్మే. పిచ్చివెధవ. నీ ఆడది నా బల్ల మీద సీసాలో ఉందిరా. భుజం ఎక్కు, అలా, మెడ వైపు పో. ఎక్కే ముందు వెనక నుంచి ఒక దారప్పోగు అతికించి మరీ ఎక్కుతున్నాడు, పడినా వేలాడొచ్చని. ఇంత జాగ్రత్త ఉన్నవాళ్ళని చూస్తే నాకు గౌరవం.

మందు కొట్టించమని అమ్మ ఎందుకు పట్టుపట్టిందో నాకు తెలుసు. పురుగులు కరిచి కాదు. వీటికి మనిషిని కరిచే తీరిక లేదు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. మొన్న అన్నయ్య ఫోన్లో అమ్మకి కొత్త జాతి సంగతి చెప్పేశాడు, ఇంత గొప్ప విషయమట, నీ గదిలోనే దొరికిందట, దానికి పేరు చెల్లాయే పెడుతుందట, ఆ పేరు ఇక లోకం ఉన్నన్నాళ్ళూ ఎవరూ మార్చలేరట. ఫోను పెట్టేశాక అమ్మ "ఎవరి పేరు పెడుతున్నావ్?" అంది. మా వాళ్ళలో ఒక పద్ధతుంది, కనిపెట్టినవాళ్ళు తమ పేరు తాము పెట్టుకోకూడదు, మిగతా ఎవరి పేరైనా పెట్టొచ్చు, గురువుదీ, భార్యదీ, పెంపుడు కుక్కదీ. నేను బెరడు అనే అర్థం వచ్చే లాటిన్ పేరు అనుకున్నానని చెప్పాను. "నా ఇంట్లో దొరికింది కదే" అంది. "దొరికితే?" అన్నాను. అంతే మాట్లాడుకున్నాం. ఆవిడ కుట్టిన బట్టలన్నీ చిరిగిపోయాయి, ఆవిడ చేతి గుడ్డ ఒక్కటి కూడా ఇప్పుడు ఎవరి ఒంటి మీదా లేదు. ఒక పేరు మిగిలితే బాగుండునని ఆవిడకి అనిపించడంలో తప్పేమీ లేదు. నాకు పెట్టబుద్ధి కాలేదు. ఆ సాయంత్రమే అన్నయ్యకి ఫోను చెయ్యించింది, పురుగులని ఏడ్చింది. కొత్త జాతి దొరికేసిందిగా, ఇక మందు కొడితేనేం అని అన్నయ్య లెక్క.

"నీళ్ళు" అంది.

కళ్ళు తెరిచింది. ఎడమ కన్ను పూర్తిగా, కుడి కన్ను సగం. నేను ఆవిడ భుజం పక్కన వంగి ఉన్నాను, చేతిలో ట్యూబు. వాడు మెడ మీద, ఎముక గుంటలో. నీళ్ళు ఇవ్వాలంటే మంచం తల వైపు మర తిప్పి ఎత్తాలి, మెడ కింద దిండు పెట్టాలి, చెంచాతో కొంచెం కొంచెం పొయ్యాలి, లేకపోతే పొరబోతుంది. అంటే అంతా కదలాలి. "ఒక్క నిమిషం అమ్మా" అన్నాను, పెదవులు కూడా సరిగా కదపకుండా. "గొంతెండిపోతోంది" అంది. "తెస్తాను" అన్నాను, కదల్లేదు. ఆవిడ నాలుక బయటికొచ్చి ఎడమ వైపు పెదవి తడిపింది, కుడి వైపు దాకా అందలేదు. చూశాను. చూసి ఊరుకున్నాను. నాలుక కదిలినందుకు వాడు బెదురుతాడేమోనన్నదే నా భయం. వాడు బెదరలేదు, ఇంకా పైకి వెళ్ళాడు, దవడ అంచు ఎక్కి కుడి చెంప మీదికి వచ్చాడు, ఇప్పుడు మా ఇద్దరి మధ్యా జానెడు దూరం.

మగది. తల వెడల్పు, నలుపు, నడినెత్తిన రాగి రంగు నూగు. ముందు వరుస కళ్ళు పెద్దవి, వాటి చుట్టూ తెల్లని రెప్పల్లాంటి నూగు, కళ్ళ కింద ఒక పసుపు పట్టీ, ఆ పట్టీ ఆడదానిలో లేదు. ముందు కాళ్ళు మిగతావాటికంటే బలిసినవి, చివరలు తెలుపు. పొట్ట మీద రెండు జతల లేత మచ్చలు, వెనక జత చంద్రవంక. పాల్పు నలుపు, ముల్లు పొడుగు, బయటి వైపు వంగి కొసన మళ్ళీ లోపలికి తిరిగింది, తిరిగింది, నేను చూస్తున్నాను, ఇలా తిరిగినది ఏ పుస్తకంలోనూ లేదు. బతికుండగా చూసిన రంగులు ఆల్కహాలులో పడ్డాక పోతాయి, కాబట్టి ఇప్పుడే కళ్ళతో రాసుకోవాలి. ఆడది, ముసలిది. జుట్టు పలచన, చెవి పైన పసుపు తిరిగిన తెలుపు. నుదురు ఇరుకు, నాకొచ్చిందీ అదే. కనుబొమ్మలు దాదాపు లేవు. కుడి కంటి కింది రెప్ప వేలాడి లోపలి ఎరుపు కనిపిస్తుంది. కుడి చెంప కండ వదిలి, ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి పోయి, వదిలినప్పుడల్లా ఉబ్బుతుంది. గడ్డం మీద మూడు గట్టి వెంట్రుకలు. పెదవుల మీద సూదులు పట్టిన గీతలు, ఎడమ పక్కే ఎక్కువ. నాకు తెలిసినంతలో ఈ మొహాన్ని ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు, చూడనివ్వలేదు. జాలి వేస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూసుకున్నాను. వెయ్యలేదు. ఈ మనిషికి ఒకప్పుడు ఎంత భయపడ్డానో మాత్రం గుర్తొచ్చింది, భయపడింది ఈ కాస్త తోలుకా అనిపించింది, అనిపించి కోపం వచ్చింది.

చెంప ఎముక మీదికి రా. అక్కడ సమంగా ఉంది, గట్టిగా ఉంది, ట్యూబు కూర్చుంటుంది. వాడు ఎముక ఎక్కాడు. నేను ట్యూబు దించుతున్నాను, గోరంత, గోరంత. అమ్మ ఊపిరి వదిలింది, చెంప ఉబ్బింది, వాడు దాన్ని అల అనుకున్నాడో ఏమో టక్కున గెంతి ముక్కు దూలం మీద పడ్డాడు. ఆగాడు. నేనూ ఆగాను. ఇటు పక్క చచ్చిన సగం, అటు పక్క బతికిన సగం. అటు ఒక్క అడుగు వేస్తే ఆవిడకి తెలుస్తుంది.

అప్పుడు చూశాను, ఆవిడ ఎడమ కన్ను నన్నే చూస్తోంది. ముక్కు వైపు కాదు, నా కళ్ళలోకి. నా చూపు మెడ మీద ఉంటే మెడ దాకా, చెంప మీద ఉంటే చెంప దాకా, ఇంతసేపూ నా చూపుని టేపు పట్టి కొలిచినట్టు కొలుస్తూ వచ్చింది. మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే నడుం ఎంతో చెప్పేసే కన్ను అది.

"వచ్చాడా నీ మొగుడు?" అంది.

"మాట్లాడకమ్మా."

"ఎక్కడున్నాడు, ముక్కు మీదా?"

దుప్పటి కింద నుంచి ఎడమ చెయ్యి బయటికొచ్చింది. ఆ చేతికి ఏ జబ్బూ లేదు. తీరిగ్గా పైకి లేచి, మొహానికి బెత్తెడు పైన, అరచెయ్యి కిందికి పెట్టి ఆగింది. దాని నీడ పడి వాడు తల వంచుకుని నక్కాడు. నీడ కిందా వాడి ముల్లు మెరుస్తోంది. నేను ట్యూబు పెట్టాలంటే ఆ చేతికీ మొహానికీ మధ్య దూర్చాలి, దూర్చేలోపు ఆ చెయ్యి పడిపోతుంది.

"అమ్మా, వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను." ఈ మాట నేను ఆవిడతో ఎప్పుడూ అనలేదు. ఇస్త్రీపెట్టె ఎత్తిన రోజు కూడా అనలేదు.

"పేరు ఎవరిది?" అంది.

నీదే అంటే సరిపోతుంది. ఒక్క మాట. అబద్ధమే ఆడొచ్చు, రేపు వ్యాసంలో బెరడని రాసుకోవచ్చు, ఆవిడ లేచి వచ్చి లాటిన్ చదివేది లేదు. నాకున్నదంతా ఆ ముక్కు మీద ఉంది, ఇన్నాళ్ళ నా కళ్ళు, నా నడుం, కాలేజీలో నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళకి నేనివ్వబోయే జవాబు, అన్నీ. అనెయ్యి. నోరు తెరిచాను. నాలుక పైకి లేవలేదు. ఎంత ప్రయత్నించినా లేవలేదు. పుట్టిన దగ్గర్నుంచీ నా గురించి ఒక్క మంచి మాట ఆ నోట్లోంచి రాలేదు, వచ్చుంటే నాకూ ఇవ్వడం అలవాటయ్యేదేమో. ఆవిడ ఎదురుచూసింది, అది మాత్రం నిజం. కాసేపు నిజంగానే ఎదురుచూసింది. కంట్లో ఏదో ఆశ లాంటిది కూడా కనిపించింది, అది చూసి నా నోరు ఇంకా బిగుసుకుపోయింది.

వాడు ఎడమ వైపు అడుగు వేశాడు. అమ్మ ముక్కు చిట్లించింది. చెయ్యి పడింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. అరచేత్తో ఒకసారి అదిమి, మొహం తుడుచుకుంటున్నట్టు ఎడమ చెంప దాకా రాసి, చెయ్యి తీసి దుప్పటి మీద పెట్టుకుంది.

"ఇప్పుడు తే నీళ్ళు" అంది.

నాకు ఏడుపు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది, ఆ మంటలోనే బుర్ర చల్లగా, చాలా చల్లగా పని చేసింది. వాణ్ణి ముక్కు మీంచి చెంప మీదికి రాసింది, అంటే చెంప మీద ఉన్నాడు, ఎంతో కొంత. సంచీలోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాను, పట్టకారు తీశాను, ఆవిడ మొహం మీదికి వంగాను. "నీళ్ళే" అంది. "కదలకు" అన్నాను. గడ్డం పట్టుకుని మొహం వెలుగు వైపు తిప్పాను, కాస్త గట్టిగానే తిప్పాను. ఒక ముందు కాలు, తెల్లని కొసతో. పొట్ట చితికి తడిగా ఉంది. తల సగం ముడతలో ఇరుక్కుంది. కుడి పాల్పు నలిగి పిండి అయిపోయింది. "నోరెండిపోతోందే, పాపిష్టిదానా" అంది. ఎడమది, ఎడమది ఏదీ. ఆవిడ పెదవి మూలన, సూదుల గీతల్లో ఒక గీతలో ఉంది, నల్లగా, చెక్కుచెదరకుండా, ముల్లు బయటికి వంగి కొసన లోపలికి తిరిగి. పట్టకారు ఆనిస్తుంటే పెదవి వణికింది. "మాట్లాడావంటే పోతుంది" అన్నాను. మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో నాకు తెలియదు. తీశాను. సంచీలో ఉన్న ఆల్కహాలు సీసాలో వేశాను. మెల్లగా తిరుగుతూ అడుక్కి దిగింది.

సీసా ఆవిడ ఎడమ కంటికి ఎదురుగా పట్టుకున్నాను, బాగా కనిపించేట్టు. "దొరికిందమ్మా. నాకు వాడి ఒళ్ళంతా అక్కర్లేదు, ఇదొక్కటి చాలు. మిగతాది కళ్ళారా చూశాను, రాస్తాను. నువ్వు చంపింది దండగ. పేరు బెరడుదే."

ఆవిడ మొహంలో ఎడమ సగం జారిపోయింది. కుడి సగంతో సమానమైంది. జబ్బు పడ్డాక మొదటిసారి రెండు పక్కలూ ఒక్కలా కనిపించాయి. నాకు సంతోషం వేసింది. ఎవరితోనూ చెప్పుకోలేనంత సంతోషం, ఒళ్ళంతా తేలికైపోయేంత. అప్పుడు వెళ్ళి నీళ్ళు తెచ్చాను. మంచం తల ఎత్తాను, మెడ కింద దిండు సర్దాను, చెంప మీద మిగిలినదాన్ని తడిగుడ్డతో తుడిచాను, చెంచా పెదవులకి ఆనించాను. పళ్ళు బిగించింది. దప్పికతో గొంతు ఎగసి పడుతోంది, పళ్ళు మాత్రం విప్పలేదు. సరే, చూద్దాం అనుకున్నాను. చెయ్యి కదపకుండా ఉండటం నాకు కొత్త కాదు. చెంచాలో నీళ్ళు కూడా వణకలేదు.

తలుపు తీసుకుని ఆయమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో అమ్మా, మీరు తినకుండా అలాగే కూర్చున్నారా? ఎంత ఓపికమ్మా మీకు! మా వీధిలో అందరికీ చెప్తుంటాను, కూతురంటే ఈవిడే, అమ్మంటే ప్రాణం పెట్టేస్తుందని."

అమ్మ కన్ను నా వైపు తిరిగింది. నేనూ చూశాను. ఎడమ పెదవి మూల ముందు అదిరింది, తర్వాత సాగింది, గొంతులోంచి గురగురమని ఒక శబ్దం వచ్చింది. ఏడుస్తోందనుకుని ఆయమ్మ పరుగెత్తుకొచ్చింది. ఏడుపు కాదు, నవ్వు. పాత నవ్వే, ముందు గదిలో, గిరాకీలు వెళ్ళిపోయాక వాళ్ళ నడుముల గురించి నవ్విన నవ్వు. నాకూ ఆగలేదు, భుజాలు ఊగిపోయేట్టు వచ్చేసింది. నవ్వుకి ఆవిడ పళ్ళు విడివడ్డాయి. నాకు ఆ సందు చాలు, చెంచా లోపలికి తోసేశాను. మింగక చస్తుందా.